నెల జీతమా, చూసినదానికా, తలకింతా? సర్కారు డాక్టరుకి ఎలా ఇస్తే మేలు

బెంగళూరు మారతహళ్లిలో మా చుట్టుపక్కల తెలుగువాళ్లలో ఎవరింట్లో పెద్దవాళ్లకి షుగరో బీపీయో ఉన్నా, నమ్మ క్లినిక్ లాంటి చిన్న సర్కారు దవాఖానాలో డాక్టరుకి నెల జీతం మేలా, చూసిన పేషెంటుకి ఇంత అని ఇవ్వడం మేలా అనే మాట వస్తూనే ఉంటుంది. తలకింత అనే మూడో పద్ధతి ఒకటుంది. నాకు నచ్చింది అదే.

జీతం మనకి అలవాటైనదే. అనవసరంగా టెస్టులు రాయాలన్న ఆశ ఉండదు, అది చిన్న విషయం కాదు. కానీ కాంట్రాక్టు అయిపోతేనో బదిలీ వస్తేనో డాక్టరు మారిపోతారు. చూసినదానికి ఇంత అనేది కెనడాలో బాగా పాతుకుపోయిన పద్ధతి. క్యూ చకచకా కదులుతుంది, కానీ అరగంట కూర్చోబెట్టి వివరంగా మాట్లాడే డాక్టరుకి నష్టం.

తలకింత అంటే, మీ పేరు ఒక డాక్టరు జాబితాలో ఉంటుంది, మీరు వెళ్లినా వెళ్లకపోయినా మీ పేరు మీద ఏడాదికి కొంత వస్తుంది. బ్రిటన్‌లో 1948లో ఎన్‌హెచ్‌ఎస్, అంటే అక్కడి సర్కారు వైద్య వ్యవస్థ, మొదలైనప్పటి నుంచీ ఫ్యామిలీ డాక్టర్లకి ముఖ్యంగా ఇలాగే ఇస్తున్నారు. థాయ్‌లాండ్ కూడా 2001లో మొదలైన 30 బాత్ పథకంలో, అంటే అక్కడి సర్కారు వైద్య పథకంలో, ఓపీకి దీన్నే పెట్టింది.

నేను దీనివైపు మొగ్గడానికి కారణం మా అమ్మ. ఏడాదిన్నరలో ఒకే క్లినిక్‌లో నలుగురు డాక్టర్లు మారారు. కాళ్లు వాస్తున్నాయని ఒకరు ఆపిన బీపీ మాత్రనే తర్వాత వచ్చినవారు మళ్లీ రాశారు. ఆయన్ని నేను తప్పుపట్టను, అమ్మ ఆయనకి ఆ రోజు వచ్చిన ఇంకో టోకెన్, అంతే. జాబితాలో పేరుంటే అమ్మ ఆ డాక్టరు మనిషి అవుతుంది, ఆవిడ బాగుంటే ఆయనకీ పని తగ్గుతుంది.

చిక్కులూ ఉన్నాయి. జాబితా మరీ పెంచుకుని, కాస్త కష్టమైన కేసుల్ని పెద్దాసుపత్రికి తోసేయొచ్చు, కాబట్టి ఒక డాక్టరుకి ఇంతమందే అని హద్దుండాలి. ముసలివాళ్లని చేర్చుకోకుండా తప్పించుకోవచ్చు, అందుకే బ్రిటన్‌లో వయసు, జబ్బుల భారం చూసి కొందరికి ఎక్కువ లెక్కగడతారు. 2004లో అక్కడే బీపీ, షుగర్ లక్ష్యాలు అందుకుంటే అదనపు డబ్బు అని పెట్టారు, అది పైన కలిపేదే తప్ప దానితోనే నడవదు.

ఇక్కడ చాలామందిమి పదకొండు నెలల అగ్రిమెంటు అయిపోగానే ఇల్లు మారతాం కదా. పేరు కొత్త డాక్టరు దగ్గరికి మారితే డబ్బూ ఆయనకే మారాలి. దాంతోపాటే పాత ఫైలు కూడా వెళ్లాలి, లేకపోతే అమ్మ మళ్లీ కాళ్ల వాపు దగ్గర్నుంచి చెప్పుకోవాలి.