మూడేళ్లుగా కార్ట్రిడ్జ్ పెన్నుతో కాలిగ్రఫీ: రోజుకు పది నిమిషాల అనుభవం

కాలిగ్రఫీకి, అంటే అక్షరాలను అందంగా దిద్దే కళకు, టైమ్ దొరకడం లేదని చాలాకాలం బాధపడ్డాను. ఒకరోజు గడియారం పెట్టుకుని చూస్తే అసలు సంగతి తెలిసింది. సిరాలో ముంచి రాసే కలం తీయడం, స్కేలుతో గీతలు గీయడం, చివర్లో పాళీ కడిగి తుడవడం... వీటికే ఇరవై నిమిషాలు. అక్షరాలు రాసింది పావుగంట కూడా లేదు. ఆఫీసు, ఇంటి పని అయ్యాక ఆ ఇరవై నిమిషాలు తలుచుకుంటేనే ఓపిక పోయేది.

అందుకే కార్ట్రిడ్జ్ (సిరా నింపిన చిన్న గొట్టం) వేసుకునే వెడల్పు పాళీ పెన్నుకు మారాను. ఇందులో రెండు పలుచటి లోహపు రేకులు ఎదురెదురుగా ఉంటాయి, వాటి మధ్య నుంచి సిరా దిగుతుంది. మూత తీస్తే చాలు, రాయడమే. నేను రోజూ వాడేది 2.4 మిల్లీమీటర్లది. 6 మిల్లీమీటర్లది కూడా కొన్నాను గానీ సిరా బాగా తాగుతుంది, దాన్ని పెద్ద అక్షరాలకే ఉంచాను.

గీతల బాధ ఒక గైడ్ షీట్‌తో తీరింది. ఇటాలిక్‌లో (కాస్త వాలుగా రాసే ఇంగ్లిష్ అక్షరాల శైలి) చిన్న అక్షరాల ఎత్తు సాధారణంగా పాళీ వెడల్పుకు 5 రెట్లు, అంటే నా పాళీకి 12 మిల్లీమీటర్లు. ఆ లెక్కన ఒక కాగితం మీద నల్లటి గీతలు గీసి పెట్టుకున్నాను. దాని మీద తెల్ల కాగితం పరిస్తే గీతలు పైకి కనిపిస్తాయి.

మొదట్లో ఆ పది నిమిషాల్లోనే ఏ నుంచి జెడ్ దాకా రాసేసేవాడిని. ఆ నెలలన్నీ దండగ. ఇప్పుడు వారానికి ఒకే కుటుంబం, అంటే ఒకే తరహా గీతలున్న అక్షరాలు: ఒక వారం ఎన్, ఎమ్, హెచ్; మరో వారం ఏ, డి, జి. అలసిపోయిన రోజు ముందు చెడేది పాళీ కోణం, అంటే రాసే గీతకు పాళీ అంచు ఎంత వాలుగా ఉందన్నది. అందుకని కూర్చోగానే ఒక కూడిక గుర్తు గీస్తాను. నిలువు గీత, అడ్డగీత ఒకే మందంలో వస్తే కోణం 45 డిగ్రీలు ఉన్నట్టే. ఈ చిన్న పరీక్ష నాకు చాలా మేలు చేసింది. ప్రతి కాగితం మీదా తేదీ వేసి దాస్తాను. మనసు బాగాలేనప్పుడు పాతవి తీసి చూస్తే ధైర్యం వస్తుంది.

లోపాలు లేకపోలేదు. నేను వాడే సిరా మీద నీటిచుక్క పడితే అక్షరం కరిగిపోతుంది, కాబట్టి ఫ్రేమ్ కట్టించేవాటికి పాత కలమే తీస్తాను. ఒత్తిడితో గీత లావెక్కే కాపర్‌ప్లేట్ అనే రాత శైలి దీనితో రాదు. రెండు వారాలు ముట్టకపోతే పాళీలో సిరా గట్టిపడుతుంది. ఒకసారి తెలియక లక్క కలిసిన ఇండియన్ ఇంక్ పోశాను, ఆ పెన్ను మళ్లీ రాయలేదు. ఆ తప్పు మీరు చేయకండి.

ఇన్ని ఉన్నా దీన్ని వదలను. వారంలో ఐదు రోజులైనా అక్షరం దిద్దుతున్నానంటే దీనివల్లే. నిలువు గీత నుంచి వంపు విడిపోయే చోటు ఎన్‌లో కుదిరింది, హెచ్‌లో ఇంకా తడబడుతోంది. ఈ వారమంతా హెచ్ మీదే కూర్చున్నాను.