ఆకలితో ఉన్న గిరీశాన్ని మొదటిసారి చూశాను (కన్యాశుల్కం నాటకం, టికెట్ 200)

పోయిన ఆదివారం మా మేనత్తను తీసుకుని, డబ్బు పుచ్చుకుని ఆడపిల్లల్ని పెళ్లికిచ్చే ఆచారం మీద గురజాడ రాసిన కన్యాశుల్కం నాటకానికి వెళ్లాను. టికెట్ 200 రూపాయలు, విరామంతో కలిపి మూడు గంటలు. బృందం పేరు రాయడం లేదు. కింద కొన్ని ఫిర్యాదులు కూడా ఉన్నాయి, వాళ్లేమో పగలు ఉద్యోగాలు చేసుకుని రాత్రుళ్లు రిహార్సల్స్ వేసుకునే మనుషులు. మళ్లీ వేస్తే మళ్లీ వెళ్తానని మాత్రం ముందే చెప్పేస్తున్నాను.

చాలామందిలాగే నాకూ ఈ కథ మొదట 1955 సినిమాతోనే తెలుసు, ఎన్టీఆర్ గిరీశం, సావిత్రి మధురవాణి. తర్వాత పుస్తకం చదివాను, స్టేజీ మీద రెండు మూడుసార్లు చూశాను. చూసిన ప్రతి గిరీశమూ నవ్వించడానికే వచ్చాడు. "నాతో మాట్లాడ్డమే ఒక ఎడ్యుకేషన్" అనేసి చప్పట్ల కోసం ఆగుతాడు. ఈ కుర్రాడు ఆగలేదు. తెర లేచేసరికి బొంకులదిబ్బ, సంత సామాన్ల కోసం పూటకూళ్లమ్మ ఇచ్చిన 20 రూపాయలు మధురవాణి మీద ఖర్చయిపోయాయి, తెల్లారితే తిండి పెట్టే ఇంట్లోనే యుద్ధం. ఆ మాటలన్నీ అతను కోటు జేబులు ఒక్కొక్కటే తడుముకుంటూ, ఖాళీ అని తెలిసిన జేబులోనే మళ్లీ చెయ్యి పెడుతూ చెప్పాడు. హాల్లో ఎవరూ నవ్వలేదు. గిరీశానికి పొలం లేదు, ఉద్యోగం లేదు, ఉన్నదల్లా నాలుగు ఇంగ్లీషు ముక్కలు, వాటిని ఎక్కడ చెల్లించుకుంటే రెండు పూటలు గడుస్తాయా అన్నదే అతని బుర్రలో తిరుగుతుంటుంది. అతను చేసేది మోసమే, కాదనను, కానీ ఎందుకు చేస్తున్నాడో ఆ జేబుల దగ్గర తెలిసిపోయింది. విరామంలో అత్తయ్య అడిగిన మొదటి మాట "ఇంతకీ ఆ పూటకూళ్ల మనిషి డబ్బు ఎవరిస్తార్రా?" అని. ఇన్నేళ్లలో నాకు ఆ ప్రశ్నే తట్టలేదు.

ఆ ఇంగ్లీషు ఎక్కడ చెల్లుతుందో కృష్ణరాయపురం అగ్రహారంలో చూపించారు. కొడుకు వెంకటేశమూ, అతనికి గురువుగా ఇంటికొచ్చిన గిరీశమూ ఒక్కసారి ఇంగ్లీషులో మాట్లాడుకుంటే వినాలని వెంకమ్మ ముచ్చటపడుతుంది, వాళ్లిద్దరూ పాఠాల్లోని ముక్కలు ఏవో ఒకదానికొకటి సంబంధం లేకుండా అప్పజెబుతారు. మామూలుగా దీన్ని కామెడీ సీనుగా లాగించేస్తారు. ఇక్కడ వెంకమ్మ వేసిన ఆవిడ స్తంభానికి ఆనుకుని, చేతిలో చాట అలాగే పట్టుకుని, కళ్లు తడిచేసుకుని వింది. ఒక్క ముక్క అర్థం కాదు, అయినా తన కొడుకు ఈ ఇంటి కష్టాల్లోంచి బయటపడతాడన్న ఆశంతా ఆ శబ్దంలోనే ఉంది. నా పక్కసీట్లో అత్తయ్య ముక్కు ఎగబీల్చడం వినపడింది.

మధురవాణి గురించి ఎంత రాసినా తక్కువే. వేశ్య కాబట్టి తెలివిగా మాట్లాడుతుంది అన్నట్టు చాలామంది వేస్తారు. ఈ అమ్మాయి అలా వెయ్యలేదు. ఆ నాటకంలో ప్రతి మగాడూ కులం గురించో, శాస్త్రం గురించో, సంస్కరణ గురించో మాట్లాడుతూ లోపల బేరం ఆడుతుంటాడు, బేరాన్ని బేరమని పైకి ఒప్పుకునేది ఆమె ఒక్కతే. పెళ్లికూతురికి పెట్టడానికి, తర్వాత ఆమెను ఉంచుకున్న రామప్పపంతులు ఆమె కంటె అడుగుతాడు కదా, అక్కడ ఆమె మెడలోంచి కంటె తీసి, పమిట చెంగుతో ఒకసారి తుడిచి, ఇచ్చే ముందు అరచేతిలో బరువు చూసుకుంది. ఆ మనిషికి ఉన్న ఆస్తి అది. పంతులు మాటను నమ్మి కాదు, రేపు అతన్ని పట్టుకోవడానికి ఒక కొక్కెం ఉంటుందని ఇస్తోంది. తర్వాత కంటె ఏదని అతన్ని గుమ్మంలో నిలబెట్టినప్పుడు నాకు ఆ అరచెయ్యే గుర్తొచ్చింది.

ఇక ఫిర్యాదులు. ఏడంకాల నాటకాన్ని మూడు గంటల్లో వెయ్యాలంటే కోతలు తప్పవు, అది ఒప్పుకుంటాను. కానీ వెంకమ్మ భర్త అగ్నిహోత్రావధాన్ల దావాల గొడవ మొత్తం తీసేశారు, అది మాత్రం తప్పు. చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకి 1,800 రూపాయలకి కుదిర్చిన మనిషి ఆ డబ్బుతో భోగాలేమీ అనుభవించడు, కోర్టు పిచ్చి పట్టినవాడు. గిరీశం ఆయన్ని బుట్టలో వేసుకునేది కూడా ఆ కోర్టు కాగితాల మీదనుంచే. ఆ దావాలు తీసేస్తే ఆయన ఉత్త కోపిష్టి రాక్షసుడిగా మిగులుతాడు, మనం నిశ్చింతగా తిట్టుకుని ఇంటికి పోతాం. గురజాడ అలా వదల్లేదు. విజయనగరం ఆనందగజపతి మహారాజు విశాఖ జిల్లాలో మామూలు బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్క వివాహాల జాబితా రాయిస్తే మూడేళ్లకు 1,034 తేలాయని ఆయన పీఠికలోనే రాశారు. అంటే ఏడాదికి దాదాపు 344. అంతమందీ రాక్షసులై ఉండరు కదా, పక్కింటివాడు చేస్తున్నాడు కాబట్టి మనమూ చేద్దామనుకున్న తండ్రులు.

చివర సౌజన్యారావు పంతులు సీను కూడా పరిగెత్తించారు, బహుశా టైము అయిపోయి ఉంటుంది. వేశ్యల మొహం చూడనని ఒట్టుపెట్టుకున్న పెద్ద వకీలు ఆయన, మంచివాడే, కానీ తన మంచితనం మీద తనకు బాగా మమకారం. మగవేషంలో వచ్చిన మధురవాణి సాయం చెయ్యడానికి ముద్దు అడిగినప్పుడు ఆయన గుంజాటన పడాలి, ఒప్పుకోబోయే చోట ఆమే ఆపాలి, ఆ ఆపడంలోనే ఇద్దరిలో ఎవరు పెద్దవాళ్లో తేలుతుంది. ఇక్కడ ఆయన గుంజాటన పడేలోపే ఆమె ఆపేసింది. 1909లో నాటకాన్ని తిరగరాసినప్పుడు గురజాడ మధురవాణిని అంత పెంచింది ఇలాంటి చోట్ల కోసమే అనుకుంటాను. ఇంకో అయిదు నిమిషాలు ఇవ్వాల్సింది. కావాలంటే బైరాగి సారా దుకాణం గొడవలో కొంత తగ్గించుకోండి.

మైకులు అంతంతమాత్రం, ఎడమవైపు నిలబడ్డవాళ్ల మాటలు వెనక వరసలకి అందవు, కాబట్టి ముందు అయిదు వరసల్లోనే కూర్చోండి, కుడివైపు అయితే ఇంకా మంచిది. విరామంలో టీ బయటికెళ్లి తాగాలి. పదేళ్లు దాటిన పిల్లల్ని తీసుకెళ్లండి, సుబ్బి వయసు పిల్ల పెళ్లికూతురని తెలిస్తే వాళ్లు ప్రశ్నలు అడుగుతారు, అడగనివ్వండి.