లేత రంగు సోఫా కడిగించే ముందు లేబుల్ చూడండి: అనంతపురం వాళ్లకు హెచ్చరిక

ఇంటికొచ్చి సోఫాలు శుభ్రం చేస్తామని కరపత్రాలు పంచేవాళ్లు, వాట్సాప్‌లో ఫొటోలు పెట్టేవాళ్లు అనంతపురంలో ఈ మధ్య బాగా కనిపిస్తున్నారు. వాళ్లలో పని తెలిసినవాళ్లు తప్పకుండా ఉంటారు. మా ఇంటికి వచ్చినవాళ్లకు మాత్రం తెలియదు. క్రీమ్, ఆఫ్‌వైట్, లేత బూడిద రంగు గుడ్డ సోఫా ఉన్నవాళ్లు ఎవరినైనా పిలిచే ముందు దయచేసి ఇది చదవండి.

మాది లినెన్ కలిసిన క్రీమ్ రంగు గుడ్డ. సీటు దిండు కింద కుట్టిన లేబుల్ మీద ‘ఎస్’ అని ఒక అక్షరం ఉంది. అంటే నీళ్లు తగలకూడదు, డ్రైక్లీనింగ్‌లో వాడేలాంటి ద్రావకంతోనే తుడవాలి. ఫోన్‌లో మాట్లాడినప్పుడే ఈ సంగతి చెప్పి, లేబుల్ ఫొటో కూడా పంపాను. “ఏం కాదక్కా, మాది డ్రై ఫోమ్, నీళ్లే వాడం” అన్నారు. తీరా వచ్చిన పిల్లోళ్లు తెచ్చింది ఒక బకెట్, పేరు లేని డబ్బాలో పౌడరు, బట్టలుతికే బ్రష్షు, ఇంట్లో వాడేలాంటి చిన్న వ్యాక్యూమ్. నేను డ్యూటీలో ఉన్నాను, ఇంట్లో అమ్మ ఒక్కతే. “నీళ్లు వద్దని మా పాప చెప్పింది కదా నాయనా” అంటే, “మా పద్ధతి ఇదే పెద్దమ్మా” అని సంపులోని బోరు నీళ్లు పట్టుకుని, పౌడరు కలిపి, సోఫా అంతా తడిపి రుద్దేశారు. సాయంత్రానికి ఆరిపోతుంది, ఫ్యాన్ వేసుకోండని చెప్పి డబ్బు తీసుకుని వెళ్లిపోయారు.

రాత్రి కూడా దిండు నొక్కితే తడి ఊరుతూనే ఉంది. మర్నాటికి సీట్ల అంచుల వెంబడి టీ రంగులో వలయాలు, సోఫా చేతుల మీద తెల్లటి పొడి, ముక్కిన వాసన. ఎప్పుడో పప్పు ఒలికి కనీకనిపించకుండా మిగిలిన పసుపు మచ్చ ఎర్రగా మారి పెద్దదైంది. ఫోన్ చేస్తే, “అది మీ సోఫాలోని పాత మురికే అక్కా, పైకొచ్చింది. ఇంకోసారి కడిగితే పోతుంది, సగం రేటుకే చేస్తాం” అన్నారు. ఫొటోలన్నీ పంపాక నా నంబరు బ్లాక్ చేశారు.

ధర్మవరంలో పట్టునూలు అద్దకం పని చేసే మా బావ వచ్చి చూశారు. నీళ్లు, సబ్బు, రంగు ఒకదాన్నొకటి ఏం చేస్తాయో ఆయనకు బాగా తెలుసు. ముందుగా ఆయన చెప్పింది, ఇంకోసారి కడగనివ్వొద్దని. నూలు, లినెన్ పోగుల్లో సహజంగానే కొంత గోధుమరంగు పదార్థం ఉంటుంది. గుడ్డ లోపలిదాకా తడిసి నిదానంగా ఆరితే అది నీళ్లతోపాటు పైకి ఎక్కి, తడి చివరగా ఎక్కడ ఆరుతుందో అక్కడ పేరుకుంటుంది. కలిపిన పౌడరులో క్షారం ఎక్కువైతే మరీ ముదురుతుంది. కాబట్టి ఆ వలయాలు మురికి ఒక్కటే కాదు, మళ్లీ అదే తీరుగా తడిపితే మళ్లీ వస్తాయి. తెల్ల పొడి మన బోరు నీళ్లలోని సున్నపు లవణాలు. గీజరులో, కొళాయి మూతి దగ్గర గట్టిగా పట్టేది కూడా అదే. పైగా అలాంటి నీళ్లలో సబ్బు విరిగిపోయి జిడ్డుగా గుడ్డలోనే ఉండిపోతుంది. ఆ జిడ్డుకు దుమ్ము అతుక్కుంటుంది. ఆషాఢం గాలుల్లో మన ఊళ్లో ఎర్రదుమ్ము ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. కడిగించిన సోఫా కడగని దానికన్నా త్వరగా మాసిపోవడానికి ఇదే కారణం.

పసుపు సంగతి మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. హారతికి ఎర్రనీళ్లు ఎలా చేస్తాం? పసుపులో సున్నం కలిపి. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది, ఘాటు సబ్బు పొడి చేసేదీ అదే పని. అందుకే పసుపు మచ్చ కనిపించగానే సబ్బుతో రుద్దనివ్వకండి. పసుపు రంగు ఎండకు వెలిసిపోతుంది. దిండు తీయడానికి వీలుంటే ఆ వైపును కాసేపు ఎండ తగిలే చోట ఉంచి చూడడం రుద్దడం కన్నా మేలు. గుడ్డ రంగు కూడా వెలిసే అవకాశం ఉంది కాబట్టి రోజంతా మాత్రం వదిలేయొద్దు.

లేబుల్ మీద ఉండే అక్షరాలు నాలుగు రకాలు. ‘డబ్ల్యూ’ ఉంటే నీళ్లతో చేసే క్లీనర్ వాడొచ్చు. ‘ఎస్’ ఉంటే ద్రావకమే. రెండూ కలిసి ఉంటే ఏదైనా సరే. ‘ఎక్స్’ ఉంటే వ్యాక్యూమ్ తప్ప ఏదీ వద్దు. లేబుల్ లేకపోతే కొన్న షాపులో అడగండి. అక్కడా తెలియకపోతే, ఎవరికీ కనిపించని వెనక అంచున కొంచెం పూసి, పూర్తిగా ఆరాక చూసి అప్పుడు నిర్ణయించుకోండి. దిండు కవరుకు జిప్పు ఉంది కదా అని తీసి వాషింగ్ మెషిన్‌లో వేయకండి. చాలా సోఫాల్లో ఆ జిప్పు కవరు తొడగడానికే పెడతారు. ఉతికితే ముడుచుకుపోయి మళ్లీ పట్టదు.

మనిషిని పిలిచి తీరాలంటే నేను ఇప్పుడు పట్టుబట్టేవి ఇవి: వాడే ద్రావణం డబ్బా మీద పేరు కనిపించాలి, తడి లాగే మెషిన్ ఏదో ముందే ఫొటో పంపాలి, వెనక అంచున నా ఎదుటే పరీక్ష చేయాలి. అన్నిటికన్నా తడి లాగే మెషినే ముఖ్యం. పని అయ్యాక గుడ్డ చేతికి చెమ్మగా తగలాలే తప్ప నీళ్లు ఊరకూడదు. లోపలి ఫోమ్ ఒకసారి నీళ్లు తాగితే ఆరడం చాలా కష్టం, బూజు వాసన అక్కడే మొదలవుతుంది. డబ్బు కూడా సగం ఆ రోజు, మిగతా సగం మర్నాడు ఆరాక చూసి ఇస్తామని ముందే చెప్పండి. ఒప్పుకోనివాళ్లను నేనైతే లోపలికి రానివ్వను.

‘డబ్ల్యూ’ గుడ్డ అయితే నిజానికి ఇంట్లోనే చేసుకోవచ్చు. ముందు కుట్ల సందుల్లో సహా దుమ్మంతా వ్యాక్యూమ్‌తో లాగాలి. పొడి దుమ్ము ఉండగా తడిపితే బురద అవుతుంది. ఫిల్టరు నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ కొన్ని చుక్కలు వేసి, తెల్ల నూలు గుడ్డను ముంచి గట్టిగా పిండి, మరక అంచు నుంచి మధ్యకు అద్దాలి. రుద్దకూడదు. రంగు గుడ్డ వాడితే దాని రంగే సోఫాకు ఎక్కుతుంది. తర్వాత ఉత్త నీళ్లతో తడిపి పిండిన ఇంకో గుడ్డతో సబ్బంతా తీసేయాలి. వలయం పడకుండా ఆ కుట్టు నుంచి ఈ కుట్టు దాకా ఉన్న ముక్కనంతా సమానంగా చెమ్మ చేసి, వెంటనే ఫ్యాన్ పెట్టాలి.

తెల్లబడుతుందని బ్లీచింగ్ ద్రావణం మాత్రం ఎవరినీ చల్లనివ్వకండి. కొన్ని సింథటిక్ గుడ్డలు దాంతో పసుపురంగుకు తిరుగుతాయి, పోగు కూడా బలహీనపడుతుంది. దాన్ని వెనిగర్‌తో గానీ బాత్‌రూమ్ యాసిడ్‌తో గానీ కలిపితే విషవాయువు పుడుతుంది. పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న గదిలో అది చాలా ప్రమాదం.

మా సోఫా ఎలాగూ తడిసిపోయింది కాబట్టి, వెనక పరీక్షించి చూశాక, బావ బాగా పలచన చేసిన తెల్ల వెనిగర్‌ను గుడ్డతో అద్దారు. క్షారం విరిగి వలయాలు కొన్ని తగ్గాయి. ముందు సీట్ల మీదవి మాత్రం పోలేదు.

నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. లేబుల్ ఫొటో, వాళ్లు పంపిన జవాబు, డబ్బు కట్టిన రుజువు, మర్నాటి ఫొటోలు అన్నీ దాచి ఉంచాను. హెల్ప్‌లైన్‌లో తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నష్టం జరిగిన 2 ఏళ్లలోపు కేసు వేయాలి. సేవకు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. మీలో ఇలాగే నష్టపోయినవాళ్లు ఉంటే వాట్సాప్ మాటలు చెరిపేయకండి, బిల్లు ఇవ్వకపోతే కనీసం మెసేజ్‌లోనైనా పని వివరం, మొత్తం రాయించుకోండి. మా దగ్గర కాగితం బిల్లు లేదు. ఫిర్యాదుకు ఆధారమైంది ఆ మెసేజ్‌లే.