చుట్టపు చూపుగా వచ్చిన నాన్నని ఏఎల్‌ఎస్ క్లినిక్‌లో చూపించాం: ఐదుకి నాలుగు

క్లినిక్ పేరు రాయడం లేదు, ఎందుకంటే కింద కొంచెం తిట్టబోతున్నాను. ఒక పెద్ద బోధనాసుపత్రిలో ఏఎల్‌ఎస్ (కండల్ని కదిపే నరకణాలు క్రమంగా చచ్చిపోయే మోటార్ న్యూరాన్ జబ్బు) కోసమే నడిపే క్లినిక్ ఇది, మామూలు న్యూరాలజీ ఓపీ కాదు. నాన్న మా దగ్గర రెండున్నర నెలలు ఉండటానికి విమానమెక్కి వచ్చినప్పుడు చూపించాం. ఇక్కడి ఇన్సూరెన్స్ లేని, విజిటర్‌గా వచ్చిన మనిషిని ఇలాంటి చోట అసలు చూస్తారా అని నేను వెతికినప్పుడు సూటిగా జవాబు ఎక్కడా దొరకలేదు. చూస్తారు. కాకపోతే దానికి ముందు చాలా పని ఉంది, ఆ పనిలో సగం నేను తప్పుగా చేశాను.

నాన్నకి ఏడాదిగా కుడిచేతిలో పట్టు తగ్గుతూ వచ్చింది. మొదట చొక్కా గుండీలు, తర్వాత తాళంచెవి, ఆ తర్వాత బొటనవేలి మొదట్లో కండ కరిగి గుంట పడింది. మెడ ఎమ్మారైలో డిస్క్ కొంచెం నొక్కుతోందని ఒకాయన ఆపరేషన్ అన్నారు (అరవై దాటిన చాలామంది మెడలో అంతో ఇంతో కనిపించేదే అది అని నాకు తర్వాత తెలిసింది). ఇంకో న్యూరాలజిస్ట్ భుజం దగ్గర కండలు అదరడం చూసి, ఈఎంజీ (కండల్లో సూది పెట్టి నరాలూ కండలూ ఎలా పనిచేస్తున్నాయో చూసే పరీక్ష) చేయించి, ఇది మోటార్ న్యూరాన్ జబ్బు కావచ్చు, ఈ జబ్బే చూసేవాళ్ళ దగ్గర ఒకసారి నిర్ధారణ చేసుకోండి అన్నారు. ఈ మాట నాన్నకి చెప్పలేదు. నరాల బలహీనత అని చెప్పాం.

నేను చేసిన మొదటి తప్పు, టికెట్లు కొన్నాక ఫోన్ చేయడం. రిసెప్షన్‌లో వాళ్ళు రిఫరల్ (ఫలానా పేషెంట్‌ని చూడమని ఇంకో డాక్టర్ రాసే ఉత్తరం) లేకుండా కుదరదని పెట్టేశారు. రెండోసారి కొత్త పేషెంట్ల అపాయింట్‌మెంట్లు చూసే నర్స్ కోఆర్డినేటర్‌ని అడిగి మరీ మాట్లాడాను, అక్కడ కథ మారింది. నాన్నని అంతకుముందు చూసిన న్యూరాలజిస్ట్ ఒక పేజీ ఉత్తరం రాసిస్తే దాన్నే రిఫరల్‌గా తీసుకుంటామంది ఆవిడ. రిపోర్టులు ముందుగా పంపితే డాక్టర్ చూసి, ఆ తర్వాతే తేదీ ఇస్తారు. మాకు ఐదు వారాల తర్వాత తేదీ వచ్చింది, అంటే నాన్న వచ్చిన సమయంలో సగం ఎదురుచూపులోనే పోయింది. మీరైతే టికెట్ల కంటే ముందు ఈ ఫోన్ చేయండి.

రిపోర్టుల విషయంలో ఆ నర్సు చెప్పింది బంగారం. ఈఎంజీ రిపోర్టు చివర డాక్టర్ అభిప్రాయం అని రెండు లైన్లుంటాయి చూడండి, దాంతో వాళ్ళకి పనిలేదు. ఏ ఏ కండల్లో సూది పెట్టారు, ఏ నరంలో ఎంత వేగం వచ్చింది అనే అంకెల పేజీలు కావాలి. ఎమ్మారై ఫిల్మ్‌కి ఫోన్‌లో ఫోటో తీసి పంపితే కుదరదు, సీడీ కావాలి. బలహీనత ఏ నెలలో ఎక్కడ మొదలై ఎటు పాకిందో తేదీలవారీగా ఒక పేజీ రాయమంది, అది రాయడానికే నాన్నతో నాకు రెండు సాయంత్రాలు పట్టింది. నాన్నకి అంతకుముందు చేసిన ఈఎంజీలో చేయి, కాలు మాత్రమే చూశారు, నాలుక, వీపు కండలు వదిలేశారు, కాబట్టి ఆ రెండూ ఇక్కడ చేయాల్సి వచ్చింది. అంకెల పేజీలు ఉన్నాయి కాబట్టి మిగతాది మళ్ళీ చేయలేదు. లేకపోతే సూదులూ మళ్ళీ, డబ్బులూ మళ్ళీ.

విజిటర్ ఇన్సూరెన్స్ గురించి ఆశ పెట్టుకోకండి. అలాంటి పాలసీలు చాలావరకు ప్రయాణానికి ముందే ఉన్న జబ్బుకి డబ్బివ్వవు. నేను మెయిల్‌లో అడిగాను, ఇవ్వమని మెయిల్‌లోనే చెప్పారు, కనీసం అనుమానం తీరింది. సొంత డబ్బుతో చూపించుకుంటాం అని ముందే చెప్పి ఖర్చు అంచనా రాతపూర్వకంగా తీసుకున్నాం.

ఇక ఆ రోజు. మమ్మల్ని ఒకే గదిలో కూర్చోబెట్టారు, నాలుగు గంటల్లో న్యూరాలజిస్ట్, ఊపిరి పరీక్షలు చేసే ఆవిడ, ఫిజియోథెరపిస్ట్, స్పీచ్ థెరపిస్ట్, డైటీషియన్ ఒకరి తర్వాత ఒకరు వాళ్ళే వచ్చారు. పట్టు తప్పుతున్న మనిషిని ఐదు గదులు తిప్పకపోవడం ఎంత పెద్ద విషయమో పక్కనుండి చూస్తేగాని తెలియదు. ఇలా అందరూ కలిసి చూసే క్లినిక్‌లకి వెళ్ళే పేషెంట్లు కాస్త ఎక్కువ కాలం బతుకుతున్నారని తేలింది కూడా.

దుబాసీ విషయంలో నాకు కోపం వచ్చింది. నాన్నకి ఇంగ్లిష్ బాగా రాదు, నేనున్నాను కదా చెప్తాను అన్నాను. కుదరదు, మా రూల్ ఇది, రోగ నిర్ధారణ మాటలు ఇంటివాళ్ళ ద్వారా చెప్పం అని ఫోన్‌లో ఒక తెలుగు దుబాసీని కలిపారు. డాక్టర్ నాన్నని, మీ జబ్బు గురించి మీకు అంతా తెలుసుకోవాలని ఉందా, లేక మీ పిల్లలతో మాట్లాడమంటారా అని అడిగింది. నాన్న ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా నాకే చెప్పండి అన్నారు. ఇన్నాళ్ళుగా నేను నరాల బలహీనత అని నెట్టుకొస్తున్న విషయం ఫోన్‌లో ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి గొంతుతో, స్పష్టమైన తెలుగులో, మెదడు నుంచీ వెన్నుపాము నుంచీ కండలకి ఆజ్ఞలు పంపే నరకణాలు చచ్చిపోతున్నాయి, దీన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు అని వినిపించింది. నాన్న తలూపారు. నా వైపు తిరిగి, నాకు ముందే అనుమానం వచ్చింది, నాకంటే నీకే టెన్షన్ ఎక్కువగా ఉందని ఊరుకున్నాను అన్నారు. ఆ రూల్ మీద నాకిప్పుడు ఫిర్యాదు లేదు.

డాక్టర్ తొందరపడి పేరు పెట్టలేదు. ఏఎల్‌ఎస్ అని తేల్చే ఒక్క రక్తపరీక్ష అంటూ లేదు, మిగతావన్నీ కాదని తేల్చుకుంటూ రావాలి. మల్టీఫోకల్ మోటార్ న్యూరోపతీ అని ఒకటుంది, చేతి బలహీనతతో అచ్చం ఇలాగే మొదలవుతుంది కానీ దానికి ఇమ్యునోగ్లోబులిన్ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు) ఎక్కిస్తే గుణం కనిపిస్తుంది, అందుకే ఆ నర్సు నరాల వేగం అంకెలు అంత పట్టుబట్టి అడిగింది. అది కాదని తేలాకే ఏఎల్‌ఎస్ అన్నారు. తర్వాత రోజువారీ పనులు ఎంతవరకు చేసుకోగలుగుతున్నారో పన్నెండు ప్రశ్నలడిగి మొత్తం 48కి ఒక స్కోరు వేశారు, నాన్నకి 39 వచ్చింది. ఈ అంకె ఒక్కరోజుది చూసి ఏమీ తెలియదు, నెలకి ఎంత తగ్గుతోందో చూడాలి, ఇంటికెళ్ళాక మీ డాక్టర్ ఇదే వేయాలి అని చెప్పారు.

నా దృష్టిలో ఈ మొత్తం ఖర్చుకి న్యాయం చేసింది ఊపిరి పరీక్ష. వచ్చినప్పటి నుంచీ నాన్న మూడు దిండ్లు పెట్టుకుని పడుకుంటున్నారు, పొద్దున్నే తలనొప్పి అంటున్నారు. ప్రయాణ బడలిక, నిద్ర వేళలు మారాయి అనుకున్నాం. ఆ పరీక్ష చేసే ఆవిడ కూర్చోబెట్టి ఊదించింది, ఆ వయసు మనిషికి ఉండాల్సినదాంట్లో 71 శాతం. పడుకోబెట్టి ఊదిస్తే 52. పడుకుంటే అంత పడిపోతోందంటే డయాఫ్రమ్, అంటే ఊపిరి పీల్చే ముఖ్యమైన కండ, నీరసపడిందని అర్థం. అంతకుముందు చూసిన ముగ్గురు డాక్టర్లలో ఒక్కరూ ఈ పరీక్ష రాయలేదు. రాత్రిపూట మాస్కుతో గాలి అందించే బైపాప్ మిషన్ వెంటనే రాశారు. దాన్ని ఇక్కడే కొనేద్దామంటే, చెడిపోతే బాగుచేసేవాళ్ళు నాన్న ఉండే చోట ఉండాలి కదా, ఇక్కడ అద్దెకి తీసుకుని అక్కడ కొనుక్కోండి అన్నారు.

తిరుగు ప్రయాణం గురించి నేను అడగకుండానే వాళ్ళే ఎత్తారు. విమానం లోపలి గాలి ఒత్తిడి సుమారు 2,400 మీటర్ల ఎత్తున్న కొండ మీద ఉన్నంత పల్చగా ఉండొచ్చు, ఊపిరి కండలు బలహీనంగా ఉన్నవాళ్ళకి అది చిన్న విషయం కాదు. వచ్చేటప్పుడు ఏమీ ఆలోచించకుండా ఎక్కించేశాం, తలచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. విమాన సంస్థకి ఇవ్వాల్సిన మెడికల్ ఫారం నింపి, మిషన్ వెంట తీసుకెళ్ళడానికి ఉత్తరం ఇచ్చారు.

మందుల సంగతి పెద్దగా చెప్పడానికి లేదు. జబ్బు వేగాన్ని కాస్త తగ్గించే రిలుజోల్ 1995 నుంచీ ఉన్నదే, 50 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, మొదటి మూడు నెలలు నెలనెలా లివర్ పరీక్ష. కొత్త మందుల ట్రయల్స్ మీద నేను చాలా ఆశ పెట్టుకుని వెళ్ళాను, కానీ నెలల తరబడి పదేపదే రావాల్సిన వాటిలో విజిటర్‌ని తీసుకోరని డాక్టర్ మొహం మీదే చెప్పేసింది. కొందరిలో ఈ జబ్బుకి కారణమయ్యే ఎస్‌ఓడీ1 అనే జన్యువులో మార్పు ఉంటే మాత్రం 2023లో అమెరికాలో అనుమతి పొందిన టోఫెర్సెన్ అనే ఇంజెక్షన్ ఉంది కాబట్టి జన్యు పరీక్షకి రక్తం తీసుకున్నారు. ఫలితం వచ్చేసరికి నాన్న వెళ్ళిపోయారు. మార్పు లేదట. ఫలితం ఎవరి మెయిల్‌కి పంపాలో ముందే రాసివ్వండి, మేం రాయక పది రోజులు వాళ్ళ చుట్టూ తిరిగాం.

ఇంకో నిరాశ, నాన్న దేశం దాటాక వీడియోలో చూడటం కుదరదన్నారు, లైసెన్స్ నిబంధనలట. నాన్న డాక్టర్ రాస్తే డాక్టర్‌కి డాక్టర్‌గా జవాబిస్తామన్నారు, ఇప్పటికి రెండుసార్లు ఇచ్చారు కూడా.

కోసేసిన ఆ ఒక్క స్టార్ బిల్లింగ్ వాళ్ళది. మాకిచ్చిన అంచనాలో ఆసుపత్రి చార్జీ మాత్రమే ఉంది, డాక్టర్ ఫీజు, ఈఎంజీ చదివినందుకు ఫీజు విడివిడిగా వస్తాయని ఎవరూ చెప్పలేదు. అంచనా అడిగేటప్పుడు ఇందులో అన్నీ కలిసి ఉన్నాయా అని ఆ మాటే అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోండి. నాన్న వెళ్ళి నాలుగు నెలలైంది, పోయిన వారం కూడా ఆయన పేరు మీద ఒక బిల్లు వచ్చింది, అందులో ఇంటిపేరు తప్పు.