నాలుగేళ్లు కారో-కాన్ ఆడాక చెప్తున్నా, నాకైతే కుదిరింది

చదరంగంలో నల్ల పావులతో ఆడేటప్పుడు, తెలుపు ఈ4 (రాజు ముందున్న బంటుని రెండు గళ్లు జరపడం; ఈ4, సీ8 లాంటివి బోర్డు మీద గళ్ల పేర్లు) వేస్తే నాలుగేళ్లుగా కారో-కాన్ ఒక్కటే ఆడుతున్నా, అంటే సీ6, తర్వాత డీ5 బంట్లతో జవాబిచ్చే ఓపెనింగ్ (ఆట మొదలుపెట్టే పద్ధతి). అంతకుముందు రెండేళ్లు సిసిలియన్ నైడార్ఫ్ అనే దూకుడు ఓపెనింగ్, ఎందుకంటే మాజీ ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్ గేమ్స్ చూసి చూసి నాదీ అటాకింగ్ స్టైలే అని ఫిక్సయిపోయా. తర్వాత ఒకరోజు కూర్చుని నా పాత గేమ్స్ ఓ యాభై తిరగేస్తే, ఓడినవి దాదాపు అన్నీ రాజు మీద దాడి దగ్గర లెక్క తప్పి పోయినవే, గెలిచినవేమో క్వీన్స్ మారిపోయాక ఓపిగ్గా బంట్లు నడిపించి గెలిచినవి. మనకి చూడ్డానికి నచ్చే ఆట వేరు, మన చేతికొచ్చిన ఆట వేరు.

కారో-కాన్‌లో నాకు బాగా నచ్చింది సీ8 గడిలో మొదలయ్యే మన బిషప్. ఫ్రెంచ్ అనే ఇంకో ఓపెనింగ్‌లో అది బంట్ల వెనకాలే ఇరుక్కుంటుంది, ఇక్కడ మెయిన్ లైన్‌లో ఈ6 వేసేలోపే ఎఫ్5కి వచ్చేస్తుంది, బంట్లు గట్టిగా ఉంటాయి, ఎండ్‌గేమ్‌కి భయపడక్కర్లేదు.

అలాగని సేఫ్ ఓపెనింగే కదా అని కళ్లు మూసుకుని ఆడితే మాత్రం అయిపోయినట్టే. ఓసారి నాలుగో ఎత్తులో నలుపు గుర్రం డీ7కి పెట్టే లైన్‌లో (ఎత్తుల వరసలో) తెలుపు క్వీన్‌ని ఈ2కి తెచ్చింది, నేను అలవాటుగా రెండో గుర్రాన్ని ఎఫ్6కి తీశా, వెంటనే తెల్ల గుర్రం డీ6లో దిగింది, మేట్! ఈ7 బంటు పిన్ అయి ఉంది (కదిలితే నా రాజు తెల్ల క్వీన్ దాడిలో పడతాడు), దాంతో కొట్టడానికి లేదు. 1997లో డీప్ బ్లూ అనే ఐబీఎమ్ కంప్యూటర్‌తో ఆరో గేమ్‌లో కాస్పరోవ్ కూడా ఈ డీ7 గుర్రం లైన్‌లోనే ఏడో ఎత్తుకి హెచ్6 వేశాడు, తెల్ల గుర్రం ఈ6లో పడింది, 19 ఎత్తుల్లో గేమ్ వదిలేశాడు. అందుకే ఈ లైన్ ఆడాలంటే ఎత్తుల వరస పక్కాగా తెలియాలి, నేనైతే మానేసి బిషప్ ఎఫ్5కే వచ్చేశా.

అసలు తలనొప్పి అడ్వాన్స్ వేరియేషన్, అంటే తెలుపు మూడో ఎత్తుకి బంటుని ఈ5కి తోసే లైన్. ఈ5, బిషప్ ఎఫ్5, హెచ్4 పడ్డాక ఈ6 వేస్తే జీ4, ఎఫ్3, హెచ్5 అని తరుముకొచ్చి బిషప్‌ని పట్టేస్తారు, అక్కడ హెచ్5 మనమే వేసుకోవాలి. దీంతో చాలా గేమ్స్ పోగొట్టుకుని చివరికి మూడో ఎత్తుకే సీ5 వేయడం మొదలెట్టా, 1961 ప్రపంచ చాంపియన్‌షిప్ మ్యాచ్‌లో తాల్ మీద బోత్వినిక్ వేసింది ఇదే. బంటు పోయినా ఆట మన చేతిలో ఉంటుంది.

ఎక్స్ఛేంజ్ వేరియేషన్‌లో మాత్రం మూడో ఎత్తుకే మధ్యలో బంట్లు మారిపోతాయి, తప్పక గెలవాల్సిన గేమ్‌లో అది పడితే ఇప్పటికీ నాకు చిరాకే. అలాంటి రోజుల కోసం ఇంకో ఓపెనింగ్ వెతుకుతున్నా, ఇంకా దొరకలేదు.