బస్సు నచ్చింది, హీరో మీదే పేచీ

కడప ఏడు రోడ్ల దగ్గర, మా మేడ గదిలో బంధువులందరికీ 1934 నాటి హాలీవుడ్ సినిమా 'ఇట్ హాపెండ్ వన్ నైట్' వేశాను. చూసినవాళ్లు రెండు పక్షాలయ్యారు.

తండ్రి ఓడ నుంచి నీళ్లలోకి దూకి న్యూయార్క్ బస్సెక్కిన కోటీశ్వరుడి కూతురు, పక్క సీట్లో ఉద్యోగం ఊడిన విలేకరి. కథ కంటే నాకు ఆ బస్సే నచ్చింది. సీటు కోసం తగాదా, వదలకుండా వాగే తోటి ప్రయాణికుడు; హైదరాబాదు రాత్రి బస్సులో మనం పడేవే. (అందరూ కలిసి పాడటం మాత్రం మన దగ్గర లేదు.)

మా వదిన మండిపడింది. "డోనట్ కాఫీలో ముంచడం కూడా అతడే నేర్పాలా?" అంది. న్యాయమే. విలేకరిగా వేసిన హీరో క్లార్క్ గేబుల్ గదమాయింపు ఇప్పుడు ముచ్చటగా లేదు. కానీ లిఫ్ట్ కోసం అతను చూపిన బొటనవేలి విద్యలన్నీ వృథా అయ్యాక, హీరోయిన్ క్లాడెట్ కోల్బెర్ట్ స్కర్టు కాస్త పైకి లాగి కారు ఆపినప్పుడు అందరికంటే గట్టిగా నవ్విందీ వదినే.

దీనికి వచ్చిన అయిదు ప్రధాన ఆస్కార్లు ఎక్కువని మామయ్య వాదన. నేనొప్పుకోను. రెండు మంచాల మధ్య తాడు మీద దుప్పటి వేసి అంత సరసం నడిపిన దర్శకుడు ఫ్రాంక్ కాప్రాకు ఇవ్వక ఎవరికిస్తారు? చివరి పెళ్లి ఘట్టం మాత్రం సాగింది. నలుపు తెలుపు పడని పిల్లలను బలవంతంగా కూర్చోబెట్టకండి.