నాల్ట్రెక్సోన్ 50 ఎంజీ మాత్ర: మా అన్నయ్య వాడాక నా రివ్యూ

రేటింగ్ 5కి 4. ఇంట్లో తాగుడుతో నలిగిపోతున్నవాళ్ల కోసం వివరంగా రాస్తున్నాను.

తాగుడు మానిపించే మాత్ర అనగానే చాలామందికి తెలిసింది డైసల్ఫిరామ్ ఒక్కటే. అమెరికాలో దానికి 1951లోనే అనుమతి వచ్చింది. అది వేసుకుని తాగితే ఒంట్లో మద్యం నుంచి తయారయ్యే ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థం పేరుకుపోయి మొహం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, వాంతులవుతాయి. భయపెట్టి మానిపించే మాత్ర అన్నమాట. అన్నయ్యకి మొదట ఇచ్చింది అదే, తాగాలని మరీ అనిపించినప్పుడల్లా ముందు ఆ మాత్ర మానేసేవాడు, కొన్నాళ్లు ఆగి మళ్లీ తాగేవాడు. కొంతమంది దీన్ని మనిషికి చెప్పకుండా భోజనంలో కలిపేస్తుంటారు, దయచేసి ఆ పని చేయకండి, తెలియక తాగితే ప్రాణం మీదకి వస్తుంది.

నాల్ట్రెక్సోన్ దారి వేరు. తాగినప్పుడు మెదడులో ఎండార్ఫిన్లు అనే రసాయనాలు విడుదలై హాయిగా అనిపిస్తుంది కదా, ఆ హాయిని అందుకునే ఓపియాయిడ్ రిసెప్టర్లకి ఇది అడ్డుపడుతుంది. మీద తాగినా వాంతులేమీ కావు, కాకపోతే మునుపటి మజా ఉండదు, ఇంకో పెగ్గు కావాలన్న యావ తగ్గుతుంది. మొదట్లో అన్నయ్య పూర్తిగా మానలేదు కానీ గ్లాసు ముందు పెట్టుకుని, సగం తాగి, ఐసు కరిగి నీళ్లయినా పట్టించుకోకుండా ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. గ్లాసు ఖాళీ కాకముందే సీసా కోసం చెయ్యి చాచే మనిషిలో ఆ మార్పు చూశాకే నాకు నమ్మకం కుదిరింది.

ఇబ్బందులూ ఉన్నాయి. మొదటి వారం కడుపులో తిప్పడం, తలనొప్పి, మత్తుగా ఉండడం. ఏదైనా తిన్నాక వేసుకుంటే కాస్త నయం. మొదలుపెట్టేముందు లివర్ టెస్ట్ చేయించాలి. అన్నిటికన్నా ముఖ్యం, నొప్పికి ఇచ్చే ట్రమడాల్, కోడీన్ లాంటి ఓపియాయిడ్ మందులు వాడుతున్నవాళ్లు ఇది వేసుకోకూడదు, ఒక్కసారిగా తీవ్రమైన విత్‌డ్రాయల్ (అలవాటైన మందు ఆగిపోతే ఒంట్లో వచ్చే బాధలు) వస్తుంది. అందుకే అన్నయ్య పర్సులో ఈ మాత్ర పేరు రాసిన కార్డు పెట్టుకున్నాడు, పన్ను పీకించుకోవడానికి వెళ్లినప్పుడు కూడా ముందు అదే చూపించాడు.

ఇంకో మాట. రోజూ బాగా తాగేవాళ్లు ఉన్నట్టుండి ఆపేస్తే చేతులు వణుకుతాయి, ఫిట్స్ రావచ్చు, మతి తప్పొచ్చు. దానికి నాల్ట్రెక్సోన్ పనిచేయదు. ముందు డాక్టర్ పర్యవేక్షణలో ఆ దశ దాటాలి.

ఎంతమందికి పనిచేస్తుంది? 118 ట్రయల్స్ కలిపి చూసిన ఒక సమీక్ష 2023లో జామా అనే వైద్య పత్రికలో వచ్చింది. దాని లెక్క ప్రకారం 11 మందికి ఈ మాత్ర ఇస్తే, ఉత్తుత్తి మాత్రతో ఆగేవాళ్లు కాకుండా అదనంగా ఒకరు మళ్లీ విపరీతంగా తాగే స్థితికి పోకుండా ఆగుతారు. ఇంతేనా అనిపించొచ్చు, కానీ ఆ ఒక్కరు మన ఇంటి మనిషైతే? దీనికి అమెరికాలో 1994లోనే అనుమతి ఉంది. అయినా మేము తిరిగిన చోట్ల ఏళ్లతరబడి ఎవరూ దీని పేరు ఎత్తలేదు, ఆ బాధ నాకింకా పోలేదు. పూర్తిగా మానేసి అలాగే ఉండాలనుకునేవాళ్లకి అకాంప్రోసేట్ కూడా ఉంది, దానికి కిడ్నీలు బాగుండాలి, రోజుకి మూడుసార్లు వేసుకోవాలి.

కొత్త పరిశోధనలు నేను ఆశగా చూస్తున్నాను. షుగర్‌కీ బరువు తగ్గడానికీ వాడే సెమాగ్లూటైడ్‌ని 48 మంది మీద 9 వారాలు పరీక్షించి 2025లో ఫలితాలు ప్రచురించారు. యావ తగ్గింది, తాగిన రోజున తాగే మోతాదూ తగ్గింది, కానీ తాగే రోజుల సంఖ్య పెద్దగా తగ్గలేదు. కౌన్సెలింగ్‌తో కలిపి సైలోసిబిన్ (కొన్ని పుట్టగొడుగుల్లో ఉండే, భ్రమలు కలిగించే పదార్థం) ఇచ్చిన 2022 ట్రయల్‌లో విపరీతంగా తాగే రోజులు బాగా తగ్గాయి, కానీ అందులో ఉన్నది వందమంది లోపే. వీటిని నమ్ముకుని ఎవరూ సొంతంగా ప్రయోగాలు చేయొద్దు, పెద్ద ట్రయల్స్ ఇంకా కావాలి.

ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, రోజూ గుర్తుపెట్టుకుని వేసుకోవాలన్న బుద్ధి ఆ మనిషికే ఉండాలి, కౌన్సెలింగ్ కూడా తోడుండాలి. రోజూ వేసుకోవడం కష్టమనుకుంటే నెలకోసారి చేసే 380 ఎంజీ ఇంజెక్షన్ కూడా ఉంది, డాక్టర్‌ని అడగండి.